దల్మా దారి ముందు ఎవరిది? వాహనాలు లేని కొండబాట మీద ఒక అభిప్రాయం



ఈ వారం వ్యాసానికి మూలం నా పాత వ్యాసం కింద ఎర్ర సిరాతో రాసిన ఒక వాక్యం.

మా సాధన బృందంలో నలుగురం ఉన్నాం. ప్రతి ఆదివారం మూడు గంటలు గడియారం పెట్టుకుని రెండు వ్యాసాలు రాసి, కాగితాలు మార్చుకుని దిద్దుకుంటాం. ఆ వారం వచ్చిన అంశం "కొండ ప్రాంతాల్లో పర్యాటకం, పర్యావరణం". నేను ఆల్ప్స్ పర్వతాలతో మొదలుపెట్టాను. మోటారు వాహనాలు ఆపేసిన కంకర దారుల మీద సైకిళ్ళు ఎలా ఎక్కుతున్నాయో, ఆ ఊళ్ళకు దానివల్ల ఎంత మేలో పన్నెండు వందల పదాలు నింపాను. చివర్లో "భారతదేశం కూడా ఈ నమూనాను అనుసరించాలి" అని ముగించాను. ఇలాంటి ముగింపు మీరూ ఎన్నోసార్లు రాసి ఉంటారు.

దిద్దిన మిత్రురాలు మార్కులు వేయకుండా ఒక్క వాక్యం రాసి ఇచ్చింది: "ఆల్ప్స్ బాగున్నాయి. మీ డాబా మీంచి కనిపించే దల్మా ఏదీ?"

నేను ఉండేది జంషెడ్‌పూర్‌లో, కదమా వైపు. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇలాంటి తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో చాలానే ఉన్నాయి. బిష్టుపూర్ రామమందిరంలో తెలుగు వినపడుతూనే ఉంటుంది. తాత షిఫ్టుకు వెళ్ళింది సైకిలు మీదే. నాన్న కూడా చాలాకాలం అంతే. నేను ఇంజినీరింగ్ చదివి, ఇప్పుడు పరీక్షలకు కూర్చున్నాను. దల్మా కొండ రోజూ ఉత్తరాన కనిపిస్తూనే ఉంటుంది. అయినా వ్యాసం రాసేటప్పుడు గుర్తుకు రాలేదు. ఆ వాక్యం చదివాక రెండు పనులు చేశాను. ఒకటి, సైకిలు తీసుకుని దల్మాకు వెళ్ళాను. రెండు, నా అభిప్రాయం మార్చుకున్నాను. ఎందుకు మారిందో మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

గ్రావెల్ సైకిలు అంటే

ముందు మాటల గందరగోళం తీర్చుకుందాం. బయటి దేశాల్లో "గ్రావెల్ బైక్" అంటే మోటారు సైకిలు కాదు, కాలితో తొక్కేదే. చూడటానికి రేసు సైకిలులాగే వంపు తిరిగిన హ్యాండిల్ ఉంటుంది. టైర్లు మాత్రం దాదాపు 40 మిల్లీమీటర్ల వెడల్పు, గాలి తక్కువ. అందుకే తారు రోడ్డు మీదా పోతుంది, రాళ్ళ బాట మీదా జారకుండా పోతుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలోని వెనెతో ప్రాంతంలో దీనికి మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా పెట్టింది.

"గ్రావెల్" మాట మనకు కొత్త కాదు. మన ఊళ్ళలో "రోడ్డుకి గ్రావెల్ తోలారు" అంటాం. ఎర్రమట్టి, చిన్న రాయి కలిపి పరిచి రోలరు తిప్పిన దారి అది. తారు పడేదాకా ఊరంతా దాని మీదే సైకిళ్ళు తొక్కుతుంది. అక్కడ ఆటగా మారినది ఇక్కడ ఎప్పటినుంచో బతుకు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఆల్ప్స్‌లో ఏం చేశారు

ఇటలీ వాయవ్యాన, ఫ్రాన్సు సరిహద్దు దగ్గర, పీడ్‌మాంట్ ప్రాంతంలో అసియెట్టా అనే కొండబాట ఉంది. ఒకప్పుడు సైన్యం కోసం వేసినది. రెండు వేల మీటర్లకు పైన, శిఖరాల వీపు మీదుగా కిలోమీటర్ల కొద్దీ కంకరతోనే సాగుతుంది. జులై, ఆగస్టు నెలల్లో బుధ, శనివారాలు పగటిపూట ఈ దారిలో మోటారు వాహనాలను రానివ్వరు. ఆ రెండు రోజులూ నడిచేవాళ్ళవి, సైకిళ్ళవి.

దానికి దగ్గరే కొల్లె దెల్లె ఫినెస్ట్రె అనే కనుమ ఉంది. సుమారు 2,180 మీటర్ల ఎత్తు, పైనున్న దాదాపు 8 కిలోమీటర్లు తారు లేని దారి. 2025 జిరో ద ఇటాలియా పోటీలో చివరి రోజుకు ముందు రోజు సైమన్ యేట్స్ ఈ కనుమ మీదే ప్రత్యర్థులను వెనక్కి నెట్టి, ఆ ఏటి విజేత అయ్యాడు. తూర్పు వైపు 2,757 మీటర్ల ఎత్తున్న స్టెల్వియో కనుమను వేసవి చివర్లో ఒక రోజు సైకిళ్ళకే వదిలేస్తారు. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ ఊరికి పెట్రోలు కారులో వెళ్ళలేరు. కింద టేష్‌లో ఆపి, రైలెక్కాలి.

నేను మొదటి వ్యాసంలో ఇదంతా రాశాను కానీ అసలు విషయం పట్టుకోలేదు. అసియెట్టాలో కొత్త రోడ్డు వేయలేదు, సైకిలు ట్రాకు కట్టలేదు, వాహనాలను పూర్తిగా నిషేధించనూ లేదు. క్యాలెండర్ పంచారు, అంతే. వారంలో రెండు రోజులు ఒకరివి, మిగతా రోజులు ఇంకొకరివి. ఖర్చు దాదాపు ఒక బోర్డు, ఒక గేటు, దాని దగ్గర ఒక మనిషి.

అయితే ఈ పద్ధతి అక్కడ తేలిగ్గా కుదరడానికి కారణాలు ఉన్నాయి. ఆ బాట ఎవరి రోజువారీ రాకపోకలకూ ఏకైక దారి కాదు. కింద లోయల్లో మంచి రోడ్లున్నాయి. మంచు వల్ల ఏడాదిలో ఎక్కువ భాగం ఎలాగూ మూసే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ మలుపు అవతల ఏనుగు ఉండదు.

దల్మా సంగతి

దల్మా వన్యప్రాణి అభయారణ్యం 1976లో ఏర్పడింది. రాజ్యాంగంలో అధికరణం 48ఏ, 51ఏ(జి) చేర్చిన 42వ సవరణ కూడా 1976దే. రెండూ కలిపి గుర్తుపెట్టుకోండి. విస్తీర్ణం సుమారు 193 చదరపు కిలోమీటర్లు. తూర్పు సింగ్‌భూమ్, సెరాయ్‌కేలా-ఖర్సవాన్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. రెండూ ఐదో షెడ్యూలు ప్రాంతాలే. శిఖరం సుమారు 3,000 అడుగులు. 2001లో దేశంలోనే మొదటి ఏనుగుల రిజర్వుగా ప్రకటించిన సింగ్‌భూమ్ రిజర్వు ఈ ప్రాంతానిదే. అభయారణ్యం చుట్టూ 2012లో పర్యావరణ సున్నిత మండలాన్ని నోటిఫై చేశారు.

ఇక్కడి ఏనుగులకు ఒక క్రమం ఉంది. వేసవిలో నీటి గుంటల కోసం దల్మాను పట్టుకుని ఉంటాయి. వానలయ్యాక, వరి కంకి వేసే కాలానికి తూర్పుగా పశ్చిమ బెంగాల్ పొలాల వైపు సాగుతాయి. అక్కడి రైతులు వాటిని దల్మా దండు అనే పిలుస్తారు. ఇలాంటి కథ మా తాత జిల్లాలోనూ ఉంది. ఒడిశా నుంచి దిగిన ఏనుగులు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం వైపు పొలాల్లో ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. దారి పోగొట్టుకున్న ఏనుగు ఎంత నష్టం చేస్తుందో, తాను ఎంత నష్టపోతుందో అక్కడివాళ్ళను అడగండి.

దల్మాలో ఊళ్ళూ ఉన్నాయి. భూమిజ్, సంతాల్ వంటి ఆదివాసీ కుటుంబాలు అడవి లోపలా, అంచునా ఉంటాయి. ఇప్పపూలు, తునికాకు, సాల్ ఆకులు, వంటచెరుకు అన్నీ ఆ కొండ నుంచే. కొండ వాళ్ళకు దేవత కూడా. పైన శివాలయం ఉంది, భక్తులు ఎక్కుతారు. నగరం వాళ్ళకు కొండ ఎక్కడం నేర్పిన బడి కూడా దల్మాయే. 1984లో ఎవరెస్టు ఎక్కిన బచేంద్రీపాల్ ఈ ఊళ్ళో సాహస శిక్షణ సంస్థను నడిపారు. 2011లో ఎవరెస్టు ఎక్కిన జంషెడ్‌పూర్ గృహిణి ప్రేమలతా అగర్వాల్ తొలి అడుగులు దల్మా మీదే పడ్డాయి.

ఇంతమందికి ఒకటే కొండ. లోపలికి మకులాకోచా చెక్‌పోస్టు నుంచి ఎక్కే దారి ముఖ్యమైనది. పేచీ అంతా ఆ దారి దగ్గరే.

ఆ మలుపు దగ్గర

మార్చి చివర, తెల్లవారుజామున బయల్దేరాను. మాంగో వంతెన మీద సువర్ణరేఖ దాటి, పార్డీ చౌక్ దగ్గర జాతీయ రహదారి ఎక్కి, రాంచీ వైపు తొక్కాను. లారీలు మోచేతిని రాసుకుంటూ పోతుంటే ఊపిరి బిగబట్టుకుని తొక్కడం తప్ప చేసేదేమీ లేదు. మకులాకోచాలో రుసుం కట్టి, పేరు రాయించుకుని లోపలికి తిరిగాక ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. చక్రం కింద రాయి నలిగే శబ్దం, నా ఊపిరి, అంతే. నాది గ్రావెల్ సైకిలు కాదు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న గేర్ల సైకిలు. అయినా ఆ గంట నాకు అసియెట్టా అంటే ఏమిటో తెలిసింది.

తరవాత వాహనాలు మొదలయ్యాయి. ఆదివారం కదా. ఒకదాని వెనక ఒకటి, కిటికీలు ఎత్తుకుని, పాటలు పెట్టుకుని. దారి పక్కన ఎవరో ఇప్పపూలు ఆరబోశారు. ఒక్కో బండి పోయిన ప్రతిసారీ వాటి మీద దుమ్ము పొర పడుతోంది. సైకిలు మీద వస్తున్న ఇద్దరు ఆడపిల్లలు బండి హారన్ విని దిగి, సైకిలుతో సహా కాలవలోకి జరిగి నిలబడ్డారు. వాళ్ళు విసుక్కోలేదు. అలవాటైన పనిలా దిగారు, బండి పోయాక మళ్ళీ ఎక్కారు. నాకది బాధ కలిగించింది. తమ ఊరి దారిలో దిగి నిలబడాల్సింది వాళ్ళు!

పైకి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో వేగం అందుకున్నాను. దిగుడు దారి, చల్లటి గాలి, బ్రేకు మీద వేళ్ళు ఆనించి వదిలేశాను. ఒక మలుపుకు ముందు తల మీద ఆకుల మోపుతో వస్తున్న పెద్దాయన చెయ్యి ఎత్తాడు. ఆగాను.

"ఎక్కడికి బాబూ అంత తొందర? కింద వాళ్ళు దాటుతున్నారు. పిల్లది కూడా ఉంది."

ఆయన ఏనుగు అనలేదు. "వాళ్ళు" అన్నాడు. మోపు దించి పక్కన కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. దాదాపు నలభై నిమిషాలు. మధ్యలో ఒకసారి కొమ్మ విరిగిన చప్పుడు వినిపించింది, ఎంత దగ్గరో అప్పుడు అర్థమైంది. అడిగాను: "బళ్ళు వస్తుంటే వాటికి భయం లేదా?"

"బండి వస్తే దూరం నుంచే వినపడుతుంది, జరుగుతాయి. నీది వినపడదు కదా. నువ్వు ఒక్కసారి ఎదురుపడితే ఏం చేస్తాయి?"

పన్నెండు వందల పదాల నా వ్యాసంలో ఈ ప్రశ్న లేదు. సైకిలుకు పొగ లేదు, శబ్దం లేదు, కాబట్టి ప్రకృతికి మేలు అని రాశాను. శబ్దం లేకపోవడమే ప్రమాదం కావచ్చని నాకు తట్టలేదు. ఇంటికి వచ్చాక చదివాను. 2016లో అమెరికాలోని మోంటానాలో, గ్లేసియర్ జాతీయ పార్కు దగ్గరి అడవి బాటలో సైకిలు మీద వేగంగా వెళ్తున్న ఒక అటవీ అధికారి మలుపులో గోధుమ ఎలుగును ఢీకొట్టాడు. ఆ ఎలుగు ఆయన్ను చంపింది. దాన్ని సమీక్షించినవాళ్ళు వేగం, నిశ్శబ్దం, ముందు కనిపించని దారి కలిస్తే ఏం జరుగుతుందో ప్రత్యేకంగా హెచ్చరించారు. ఆయన అడవి తెలియని పర్యాటకుడు కాదు, అడవి ఉద్యోగి.

ఆ పెద్దాయన చెయ్యి ఎత్తకపోతే నేనెలా ఉండేవాణ్ణో తెలియదు. ఒక మనిషి పోయాక ఆ ఏనుగుకు ఏ పేరు పెట్టేవాళ్ళో, తరవాత దాన్ని ఏం చేసేవాళ్ళో కూడా ఆలోచించండి.

నా అభిప్రాయం

కొండదారిని వాహనాల నుంచి విడిపించాలనే మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ విడిపించిన దారిని తిన్నగా సైకిలువాడి చేతిలో పెట్టకూడదు. ఖాళీ అయిన దారికి వరుస ఉంది. మొదట ఏనుగు. తరవాత ఊరివాళ్ళు. ఆ తరవాతే నాలాంటి అతిథి, అతను కారులో వచ్చినా సైకిలు మీద వచ్చినా.

ఈ వరుస నేను కల్పించింది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 తెరిచి చూడండి. సెక్షన్ 27 ప్రకారం అక్కడ నివసించడానికి అనుమతి ఉన్నవారు, అక్కడ స్థిరాస్తి హక్కు ఉన్నవారు, విధుల్లో ఉన్న ఉద్యోగులు, ప్రజా రహదారి మీద వెళ్ళేవారు అభయారణ్యంలోకి రావచ్చు. పర్యాటకుడికి సెక్షన్ 28 కింద అనుమతి కావాలి, దానికి షరతులు పెట్టవచ్చు. సెక్షన్ 33 అభయారణ్యం నిర్వహణను ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి చేతిలో పెట్టింది. అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 5 అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అంటే కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టాల వరుసను గేటు దగ్గర అమలు చేస్తే చాలు.

నేను ప్రతిపాదించేది నాలుగు పనులు.

ఒకటి, క్యాలెండర్. వారంలో రెండు రోజులు, అందులో ఒకటి తప్పనిసరిగా ఆదివారం, మకులాకోచా దారిలో పర్యాటకుల మోటారు వాహనాలు ఏవీ వెళ్ళకూడదు, సొంతవైనా అద్దెవైనా సఫారీవైనా. ఊరివాళ్ళ బళ్ళు, అంబులెన్సు, అటవీ సిబ్బంది, అగ్నిమాపక వాహనాలకు మినహాయింపు.

రెండు, సైకిలుకూ పగ్గం. ఆ రోజుల్లో సైకిళ్ళు ఒంటరిగా కాకుండా చిన్న గుంపులుగా, ఊరి గైడుతో, ఎండ బాగా పడ్డాక మాత్రమే వెళ్ళాలి. ఎంతవరకు పోవాలో ఆ ఉదయం జాడలు చూసిన అటవీ సిబ్బంది చెప్పాలి. గంట మోగిస్తూ దిగాలి. సమయం కొలిచే పోటీలు వద్దు. ఏనుగులు నీటి దగ్గర గుమికూడే నడివేసవిలో పై దారి సైకిళ్ళకూ మూసేయాలి.

మూడు, కొండపాదం. నిజానికి సైకిలు తొక్కాలనుకునేవాడికి శిఖరం అక్కర్లేదు. డిమ్నా జలాశయం చుట్టుపక్కల, దల్మా అంచు పల్లెల మధ్య మట్టిదారులు ఇప్పటికే ఉన్నాయి. గ్రామసభలు ఒప్పుకున్న చోట వాటిని కలిపి ఒక వలయంగా గుర్తించవచ్చు. గైడు కూలి, సైకిలు మరమ్మతు, అన్నం, మంచినీళ్ళు, వీటి డబ్బు ఆ పల్లెలకే చేరాలి. ఒప్పుకోని ఊరి దారి వదిలేయాలి.

నాలుగు, తారు వద్దు. ఈ పేరు చెప్పి దారి వెడల్పు చేయడం, సిమెంటు పోయడం, దీపాలు పెట్టడం జరగకూడదు. కంకర దారే సహజమైన వేగ నిరోధకం. దాన్ని నున్నగా చేస్తే రేపు బళ్ళు ఇంకా జోరుగా వస్తాయి.

ఎదురు వాదనలు

మంచి వ్యాసానికి ఎదురువాదన ప్రాణం. నాకు ఎదురైనవి మూడు.

మొదటిది మా నాన్నది. "గుడికి పోయే ముసలివాళ్ళ సంగతేంటి? నీ సైకిలు సరదాకి మీ మామ్మ కొండెక్కడం మానేయాలా?" న్యాయమైన ప్రశ్న. అందుకే వారమంతా కాకుండా రెండు రోజులే అంటున్నాను. శివరాత్రి, శ్రావణ సోమవారాల్లాంటి రోజులను ఆ రెండింటి నుంచి తప్పించాలి. మిగతా ఐదు రోజులు వృద్ధుల కోసం ఉమ్మడి వాహనం నడపవచ్చు. ఒక్కో కుటుంబం ఒక్కో కారు తెచ్చుకోవడమే భక్తి కాదు కదా అంటే నాన్న నవ్వాడు, పూర్తిగా ఒప్పుకోలేదు.

రెండోది, "ఇది డబ్బున్నవాళ్ళ సరదా" అనే మాట. నిజమే, మంచి గ్రావెల్ సైకిలు ధర లక్ష దాటుతుంది. కానీ 2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. ఇదే జార్ఖండ్‌లో, రామ్‌గఢ్ వైపు నుంచి రాంచీకి ఎక్కే ఘాట్ రోడ్డు మీద రెండు వందల కిలోలకు పైగా బొగ్గు కట్టుకుని సైకిలు తోసుకుపోయే మనుషులు కనిపిస్తారు. పక్కనే బిహార్‌లో 2006లో మొదలైన బాలికల సైకిలు పథకం మీద కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం ఉంది. వయసుకు తగిన తరగతిలో హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని అది తేల్చింది. కొండమీద సైకిలు అంటే మనకు హెల్మెట్ పెట్టుకున్న పర్యాటకుడు గుర్తొస్తాడు. నాకు ఇప్పుడు కాలవలోకి జరిగిన ఆ ఇద్దరు పిల్లలు గుర్తొస్తున్నారు. బళ్ళు లేని ఆదివారం మొదటి లబ్ధిదారులు వాళ్ళే. నేను రెండో వరుస.

మూడోది అన్నిటికంటే బలమైనది. "అంత ప్రమాదమైతే ఎవరినీ పోనివ్వకుండా మూసేస్తే సరిపోదా?" అడవిలో కొన్ని చోట్లు అలా మూసే ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ నగరం పక్కనున్న అడవిని పూర్తిగా మూస్తే, పది పదిహేనేళ్ళలో నగరం దాన్ని మరచిపోతుంది. మరచిపోయిన అడవికి గనో, రోడ్డో, లేఅవుటో వచ్చినప్పుడు అడ్డుపడే గొంతు తగ్గుతుంది. నా సంగతే చూడండి. రోజూ కనిపిస్తున్నా ఆ మలుపు దగ్గర నలభై నిమిషాలు కూర్చునేదాకా దల్మా నాకు వ్యాసంలోకి రాలేదు.

మనకు కొత్తేమీ కాదు

"విదేశీ నమూనా మనకు పనికిరాదు" అనేవాళ్ళకు జవాబు మన ఇంట్లోనే ఉంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళేవాళ్ళకు తెలుసు, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడుతుంది. ఆ తొమ్మిది గంటలు నల్లమల పులిది. ఎంత తొందరగా మల్లన్న దర్శనం కావాలన్నా ఆగాల్సిందే. కర్ణాటకలోని బందీపూర్‌లో 2009 నుంచి రాత్రి రాకపోకలపై నిషేధం ఉంది. మహారాష్ట్రలోని మాథేరాన్ కొండ ఊళ్ళోకి మామూలు కార్లు పోవు. 2021లో హైదరాబాదు ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు జనానికి వదిలారు. మా జంషెడ్‌పూర్‌లోనే బిష్టుపూర్‌లో కొన్ని ఆదివారాలు రోడ్డు మూసి పిల్లలకు ఆట స్థలం చేశారు.

ఇవన్నీ అసియెట్టా సూత్రానివే: దారి ఒకటే, గడియారం పంచుకోవాలి. మనం రాత్రిని జంతువులకు ఇవ్వడం నేర్చుకున్నాం. పగటిలో కొంత ఊరివాళ్ళకు, నడిచేవాళ్ళకు, మెల్లగా వచ్చేవాళ్ళకు ఇవ్వడం మిగిలింది.

పరీక్ష కోసం ఒక మాట

ఈ అంశాన్ని మీరు మూడు చోట్ల వాడుకోవచ్చు. జీఎస్ 3లో పర్యావరణ సున్నిత మండలాలు, మనిషి-వన్యప్రాణి సంఘర్షణ. జీఎస్ 2లో ఐదో షెడ్యూలు, గ్రామసభ. జీఎస్ 4లో ఉమ్మడి వనరు మీద ఎవరి హక్కు ముందు అనే కేస్ స్టడీ. కానీ సెక్షన్ల సంఖ్యలు కంఠస్థం చేసి పేర్చినంత మాత్రాన వ్యాసం నిలబడదు, నాది నిలబడలేదు. విదేశీ ఉదాహరణ రాసిన ప్రతిసారీ పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: "ఇది అక్కడ ఎందుకు కుదిరింది? ఇక్కడ ఆ కారణం ఉందా?" అసియెట్టాలో ఏనుగు లేదు. ఆ ఒక్క తేడా నా ముగింపు మొత్తం మార్చేసింది.

రేపు మనలో ఎవరో ఒకరు ఏదో ఒక అటవీ డివిజన్‌లో, ఏదో ఒక జిల్లాలో ఇలాంటి ఫైలు మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటారు. "కొండకు సైకిలు పర్యాటకం" అని అందంగా రాసిన నోటు ఒకటి ముందుకు వస్తుంది. అందులో ఆల్ప్స్ ఫోటోలు ఉంటాయి. ఆ రోజు ఆకుల మోపు దించి దారి పక్కన కూర్చున్న పెద్దాయన ఆ ఫైల్లో ఎక్కడున్నాడో వెతకండి. ఆయన లేకపోతే సంతకం పెట్టకుండా తిప్పి పంపండి.

ఈ వారం సాధన ప్రశ్న (250 పదాలు): "రక్షిత ప్రాంతాల్లోని దారులను ఎవరెవరు, ఎప్పుడెప్పుడు వాడుకోవాలో నిర్ణయించే అధికారం ఎవరికి ఉండాలి? మీ ఊరికి దగ్గరి ఒక కొండను ఉదాహరణగా తీసుకుని చర్చించండి."

అనంతగిరి కావచ్చు, అరకు కావచ్చు, నల్లమల కావచ్చు. రాసే ముందు వీలైతే ఒకసారి వెళ్ళి రండి. మెల్లగా వెళ్ళండి, మలుపుల దగ్గర గంట కొట్టండి. ఎవరైనా చెయ్యి ఎత్తితే ఆగండి.